చేతిలో ఫోర్సెప్స్.. గుండెల్లో దడ! డెంటల్ స్టూడెంట్స్‌కు 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' ఎందుకు అవసరం?

పళ్ల డాక్టర్ అనగానే చాలామందికి సూది, డ్రిల్ శబ్దం గుర్తొస్తాయి. కుర్చీలో కూర్చున్న పేషెంట్ భయం గురించి అందరూ మాట్లాడతారు. మరి ఆ కుర్చీ పక్కన నిలబడ్డ ఇరవై ఏళ్ల స్టూడెంట్ పరిస్థితేంటి? మొదటిసారి ఒక మనిషి దవడలో మత్తు ఇంజెక్షన్ చేయబోతున్నప్పుడు ఆ స్టూడెంట్ గుండె కూడా అంతే వేగంగా కొట్టుకుంటుంది. ఆ కంగారును గుర్తించి అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల భయాన్ని ముఖం చూసి అర్థం చేసుకోవడం.. ఈ రెండూ కలిసిందే ఎమోషనల్ ఇంటెలిజెన్స్. తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. డెంటల్ కాలేజీల్లో క్లినికల్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు ఇది ఎక్కడెక్కడ అవసరం పడుతుంది? దీన్ని నేర్చుకోవచ్చా? తెలుసుకుందాం..

మూడో ఏడాదిలో అసలు పరీక్ష

బీడీఎస్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి రెండేళ్లు ఎక్కువగా పుస్తకాలు, ల్యాబ్. మైనంతో పళ్ల ఆకారాలు చెక్కుతారు. కృత్రిమ దవడల మీద, ముందే తీసేసిన పళ్ల మీద ప్రాక్టీస్ చేస్తారు. ప్లాస్టిక్ దవడ నొప్పి అనదు, ఉమ్మి మింగదు, మధ్యలో చెయ్యి పట్టుకుని ఆపదు.

మూడో ఏడాదిలో క్లినికల్ పోస్టింగ్స్ మొదలవగానే సీన్ మొత్తం మారిపోతుంది. పళ్లు తీసే విభాగం, చిగుళ్ల విభాగం, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు, పిల్లల విభాగం.. ఇలా ఒక్కోచోట కొన్ని వారాలు పనిచేయాలి. ప్రతి దశలోనూ ఫ్యాకల్టీకి చూపించి సంతకం తీసుకోవాలి. ఒక్కో విభాగంలో ఇన్ని కేసులు పూర్తి చేయాలనే లెక్క కూడా ఉంటుంది. వీటి మధ్యే థియరీ పరీక్షలు, రికార్డులు, సెమినార్లు.

ఇంకో తేడా కూడా ఉంది. ఎంబీబీఎస్ స్టూడెంట్ ఎక్కువగా చూసి నేర్చుకునే వయసులోనే డెంటల్ స్టూడెంట్ స్వయంగా పన్ను తీయాలి, డ్రిల్ చేయాలి. అదీ మెలకువగా ఉండి, ప్రతి కదలికనూ గమనిస్తున్న పేషెంట్ నోట్లో. స్టూడెంట్ ముఖం పేషెంట్ ముఖానికి అడుగు దూరంలోనే ఉంటుంది. చెయ్యి వణికినా, పక్కవాళ్ల వైపు బిత్తర చూపు చూసినా పేషెంట్‌కు వెంటనే తెలిసిపోతుంది.

అసలు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటే?

ఈ పదాన్ని 1990లో అమెరికన్ సైకాలజిస్టులు పీటర్ సాలొవే, జాన్ మేయర్ ఒక పరిశోధనా వ్యాసంలో వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ ఇదే పేరుతో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. సాలొవే, మేయర్ చెప్పిన దాని ప్రకారం ఇందులో నాలుగు నైపుణ్యాలున్నాయి. భావోద్వేగాన్ని గుర్తించడం, ఆలోచనకు దాన్ని ఉపయోగించుకోవడం, అది ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడం, దాన్ని అదుపు చేసుకోవడం.

మంచితనం, మెత్తదనం, ఎప్పుడూ నవ్వుతూ ఉండటం.. చాలామంది దీన్ని ఇలా అనుకుంటారు. కానీ ఎంత మంచి మనసున్న స్టూడెంట్ అయినా కంగారులో పేషెంట్ చెప్పేది వినకపోవచ్చు. ఇక్కడ కావాల్సింది గమనింపు. "నాకిప్పుడు భయంగా ఉంది, అందుకే తొందరపడుతున్నాను" అని తనకు తాను తెలుసుకున్న స్టూడెంట్ ఒక్క క్షణం ఆగగలడు. తెలుసుకోని స్టూడెంట్ అదే తొందరను చేతిలోకి తెచ్చుకుంటాడు.

డెంటల్ స్టూడెంట్స్ మీద దీనికి సంబంధించి పరిశోధనలూ జరిగాయి. బ్రిటన్‌లో ఒక డెంటల్ స్కూల్‌లో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ స్కోరు తక్కువగా ఉన్న స్టూడెంట్స్ ఎక్కువ ఒత్తిడి ఉన్నట్టు చెప్పారని అందులో తేలింది. 2004లో వచ్చిన మరో అధ్యయనంలో, స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లు ఒత్తిడి వచ్చినప్పుడు జరిగిందాన్ని తిరిగి ఆలోచించుకోవడం, తోటివాళ్లతో పంచుకోవడం, టైమ్ సర్దుకోవడం వంటి దారులు ఎంచుకున్నట్టు కనిపించింది. అయితే ఒక జాగ్రత్త. ఇలాంటి స్కోర్లు ఎక్కువగా స్టూడెంట్ తన గురించి తాను ఇచ్చుకున్న జవాబుల నుంచే వస్తాయి. 1998లో తయారైన, బాగా వాడుకలో ఉన్న షుటి ప్రశ్నావళిలో 33 ప్రశ్నలుంటాయి. అన్నీ ఎవరికి వాళ్లు నింపుకునేవే. కాబట్టి స్కోరు చూసి ఎవరు మంచి డాక్టర్ అవుతారో తేల్చేయలేం.

"నొప్పి" అంటే నమ్మాల్సిందేనా?

క్లినిక్‌లో స్టూడెంట్‌కు మొదట ఎదురయ్యే ఇబ్బంది ఇదే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. పెదవి మొద్దుబారిందని పేషెంటే చెప్పింది. తీరా పన్ను కదపగానే "అమ్మో, నొప్పి" అంటూ తల పక్కకు తిప్పేసింది. వెనకాల మరో నలుగురు లైన్‌లో ఉన్నారు. ఫ్యాకల్టీ వచ్చే టైమ్ అయింది. అలాంటప్పుడు నోటి నుంచి వచ్చే మాట.. "మత్తు ఇచ్చాం కదమ్మా, నొప్పి ఉండదు, ఊరికే భయపడుతున్నారు."

ఇక్కడ రెండు విషయాలు తెలియాలి. మొదటిది, మత్తు ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుంది కానీ ఒత్తిడిని ఆపదు. పన్ను తీసేటప్పుడు దవడ గట్టిగా నొక్కినట్టు, ఎముక దగ్గర కటకటమన్నట్టు అనిపిస్తుంది. ముందే చెప్పకపోతే పేషెంట్ దాన్నీ నొప్పిగానే అనుకోవచ్చు. రెండోది, నరం బాగా వాచి ఉన్న కింది దవడ పళ్లకు ఒక్క ఇంజెక్షన్‌తో మత్తు సరిపోకపోవడం మామూలే. పేషెంట్ చెప్పేది నిజమే అయ్యుండొచ్చు.

కాబట్టి వాదించడం కంటే అడగడం మేలు. "ఆగాను అమ్మా. నొక్కినట్టు ఉందా, సూదిగా గుచ్చినట్టు ఉందా?" ఈ ఒక్క ప్రశ్నతో రెండు పనులు అవుతాయి. పేషెంట్‌కు తన మాట విన్నారనే ధైర్యం వస్తుంది. స్టూడెంట్‌కు మరో డోసు కావాలా, మాట సాయం చాలా అనేది తెలుస్తుంది. మొదలుపెట్టే ముందే "ఇబ్బందిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి, నేను ఆపేస్తాను" అని చెప్పడం చాలా క్లినిక్‌లలో ఉన్న పద్ధతి. అయితే చెయ్యి ఎత్తినప్పుడు నిజంగా ఆపాలి. ఒక్కసారి ఆపకపోయినా ఆ మాటకు విలువ పోతుంది.

భయాన్ని కొలిచే మార్గం కూడా ఉంది. మాడిఫైడ్ డెంటల్ యాంగ్జైటీ స్కేల్‌లో ఐదే ప్రశ్నలు. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట వెయిట్ చేస్తుంటే ఎలా ఉంటుంది, డ్రిల్ చేస్తారంటే, గార తీస్తారంటే, ఇంజెక్షన్ అంటే ఎలా అనిపిస్తుంది? ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 19 లేదా అంతకంటే ఎక్కువ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు. రెండు నిమిషాల పని ఇది. మౌనంగా, బిగుసుకుని కూర్చునే పేషెంట్ విషయంలో బాగా ఉపయోగపడుతుంది.

భయాన్ని పట్టించుకోకపోతే వైద్యపరంగానూ ఇబ్బందే. డెంటల్ క్లినిక్‌లలో ఎక్కువగా కనిపించే ఎమర్జెన్సీ భయంతో కళ్లు తిరిగి పడిపోవడం. ముఖం పాలిపోవడం, చెమటలు, వికారం ముందుగా వచ్చే గుర్తులు. పేషెంట్ నోటినే కాకుండా ముఖాన్ని కూడా చూసే స్టూడెంట్ వీటిని ముందే పట్టుకుంటాడు. కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తిపెట్టి, సీనియర్లను పిలుస్తాడు.

"అల్లరి చేస్తే సూది వేయిస్తా"

పిల్లల విభాగంలో సవాలు ఇంకో రకం. మన ఇళ్లల్లో అన్నం తినకపోయినా, అల్లరి చేసినా "డాక్టర్‌తో సూది వేయిస్తా" అని బెదిరించడం అలవాటు. ఆ బెదిరింపు విని పెరిగిన ఐదేళ్ల పిల్లాడు తెల్లకోటు చూడగానే ఏడుస్తాడు. ఆ ఏడుపు తన చేతగానితనం వల్లే అనుకుని కుంగిపోయే స్టూడెంట్స్ కొందరు, పిల్లాడి మీద విసుక్కునేవాళ్లు కొందరు.

దీనికి 1959 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి 'టెల్-షో-డూ'. అంటే ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. నీళ్లు చిమ్మే పరికరాన్ని ముందు పిల్లాడి గోరు మీద ఆడించి చూపిస్తారు. ఉమ్మి పీల్చే గొట్టాన్ని జ్యూస్ తాగే స్ట్రాతో పోలుస్తారు. పిల్లాడు ఎంతవరకు సహకరిస్తున్నాడో నాలుగు స్థాయిల్లో రాసుకునే ఫ్రాంక్ల్ స్కేల్ కూడా 1962 నుంచే ఉంది. దాని వల్ల లాభం ఏంటంటే "మొండి పిల్లాడు" అనే ముద్ర వేయకుండా, పోయినసారి కంటే ఈసారి ఎంత మెరుగు అని చూడటం అలవాటవుతుంది. పక్కనే ఉన్న తల్లికి "అక్కా, సూది అనే మాట మాత్రం అనకండి" అని మెల్లగా చెప్పడం కూడా ట్రీట్‌మెంట్‌లో భాగమే.

సిగ్గు, అపోహ.. నవ్వితే పేషెంట్ దూరం

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లు గోధుమ రంగు మరకలతో పాడైనవాళ్లు ఎంతోమంది. వాళ్లలో చాలామంది చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వుతారు. "రోజూ బ్రష్ చేయవా?" అని అడిగితే ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఊహించొచ్చు. అక్కడ తప్పు బ్రష్‌ది కాదు, చిన్నప్పుడు తాగిన నీళ్లది. ఈ సంగతి తెలిసిన స్టూడెంట్ మొదటి ప్రశ్ననే మారుస్తాడు. "చిన్నప్పుడు ఏ ఊళ్లో ఉండేవాళ్లు? ఏ నీళ్లు తాగేవాళ్లు?"

పై పన్ను తీయిస్తే కంటి చూపు పోతుందనే నమ్మకం ఇప్పటికీ చాలా ఊళ్లల్లో ఉంది. దానికి ఆధారం లేదు. కానీ విని నవ్వేస్తే ఆ పెద్దాయన ఇంకోసారి రాడు. "తాతా, ఎవరికైనా అలా అయిందా? ఏం చూశావు?" అని అడిగితే అసలు భయం బయటకొస్తుంది. అప్పుడు కంటికీ పంటికీ నరాలు వేరువేరు అని చెబితే వినే అవకాశం ఎక్కువ.

ఈ కేసు ఎవరి కోసం?

ఇక అన్నింటికంటే ఇబ్బందికరమైన విషయం. ముందే చెప్పుకున్నట్టు స్టూడెంట్స్ కొన్ని కేసులు పూర్తి చేయాలి. పోస్టింగ్ ముగిసే టైమ్ దగ్గర పడేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. పేషెంట్స్ దొరక్క తెలిసినవాళ్లను బతిమాలి తీసుకొచ్చేవాళ్లు, ఆటో ఛార్జీలు తామే పెట్టుకునేవాళ్లు ఉంటారు. క్యాంపస్‌లో ఇదేమీ రహస్యం కాదు.

ఇలాంటి సమయంలో ఒక పెద్దమ్మ వచ్చిందనుకుందాం. పన్నుకు రూట్ కెనాల్ చేస్తే నిలుస్తుంది. స్టూడెంట్‌కు కూడా సరిగ్గా ఒక రూట్ కెనాల్ కేసే తక్కువైంది. కానీ ఆమె "నాలుగుసార్లు తిరగలేను డాక్టరమ్మా, కూలి పోతుంది, తీసెయ్" అంటోంది. ఆ క్షణంలో స్టూడెంట్ లోపల రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి పన్నును కాపాడమనే చదువు. రెండోది లాగ్‌బుక్‌లో ఖాళీగా ఉన్న గడి. బయటికి మాత్రం రెండూ ఒకే మాటగా వస్తాయి.. "రూట్ కెనాలే చేయించుకోవాలమ్మా, లేకపోతే కష్టం."

ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కు నిజమైన పరీక్ష ఇదే. "నేను ఈ సలహా ఎందుకు ఇస్తున్నాను? నా లెక్క పూర్తయి ఉంటే కూడా ఇదే చెప్పేదాన్నా?" అని తనను తాను అడుగుకోగలగాలి. జవాబు అవును అయితే పన్ను ఉంచుకుంటే లాభమేంటి, ఎన్నిసార్లు రావాలి, ఎంత ఖర్చు, తీసేస్తే తర్వాత ఏమవుతుంది అన్నీ చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలేయాలి. కూలి పోతుందన్న మాటకు జవాబు కూడా వెతకాలి. ఒక విజిట్ తగ్గించగలమా, ఆమెకు వీలైన రోజు ఇవ్వగలమా అని ఫ్యాకల్టీని అడగాలి. అయినా ఆమె వద్దంటే వద్దనే. సంతకం పెట్టిన తర్వాత కూడా మనసు మార్చుకునే హక్కు పేషెంట్‌కు ఉంటుంది.

ఈ భారం మొత్తం స్టూడెంట్ మీదే వేయడం కూడా న్యాయం కాదు. కేసుల సంఖ్య ఒక్కటే చూసి మార్కులు వేస్తే స్టూడెంట్‌కు ఆ పెద్దమ్మ ఒక గడిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పేషెంట్‌కు ఎలా వివరించారు, వద్దన్నప్పుడు ఎలా స్పందించారు అనేవాటికీ మార్కులు ఉంటేనే మార్పు వస్తుంది.

అంగిలి మీద మచ్చ కనిపిస్తే..

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు, చుట్టను మండే కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది. దీన్నే అడ్డపొగ అంటారు. ఎక్కువగా కొంచెం వయసు మళ్లిన ఆడవాళ్లలో కనిపిస్తుంది. ఆ వేడికి అంగిలి మీద మార్పులొస్తాయి, క్యాన్సర్ ముప్పూ ఉంటుంది. మరోవైపు గుట్కా వాడే కుర్రాళ్లలో నోరు పూర్తిగా తెరుచుకోని పరిస్థితి. కట్టుడు పళ్ల కోసమో, పంటి నొప్పికో వచ్చినవాళ్ల నోట్లో ఇలాంటి మచ్చను మొదట చూసేది చాలాసార్లు స్టూడెంటే.

అప్పుడు స్టూడెంట్ ముఖం మారిపోతుంది. "ఏం కాదులే అమ్మా" అనడం ఒక తప్పు. "క్యాన్సర్ కావొచ్చు" అని అక్కడికక్కడే అనేయడం మరో తప్పు. చేయాల్సింది సీనియర్‌ను పిలవడం. పేషెంట్‌తో మాత్రం కనిపించిందే చెప్పాలి. "ఇక్కడ తెల్లగా ఒక మచ్చ ఉందమ్మా. అదేంటో ఖాయంగా తెలుసుకోవాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మా మేడమ్ కూడా చూస్తారు."

చెడు వార్త చెప్పడానికి క్యాన్సర్ వైద్యరంగంలో 2000లో వచ్చిన 'స్పైక్స్' పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. నలుగురిలో కాకుండా పక్కన కూర్చోబెట్టడం, వాళ్లకు ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కోవడం, తేలిక మాటల్లో చెప్పడం, ఏడుపు వచ్చినా కోపం వచ్చినా దానికి చోటివ్వడం, చివరగా తర్వాత ఏం చేయాలో చెప్పి పంపడం. ఈ పని ఫ్యాకల్టీది. అయితే పక్కన ఉండి చూడటం స్టూడెంట్‌కు పెద్ద పాఠం.

పేషెంట్ ముందే తిట్టు పడితే?

"ఇదేనా నువ్వు నేర్చుకుంది?" అని పేషెంట్ ఎదుటే ఫ్యాకల్టీ అరిస్తే కన్నీళ్లు ఆగవు. ఆ తర్వాత పేషెంట్‌కూ నమ్మకం పోతుంది. పర్యవేక్షించేవాళ్లకు కూడా ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కావాలనేది ఇందుకే. తప్పును అక్కడికక్కడ ఆపాలి, తిట్టేది ఏదైనా ఉంటే పక్క గదిలో చెప్పాలి. లేదంటే స్టూడెంట్స్ తిట్లకు భయపడి తప్పును దాచడం నేర్చుకుంటారు. వేరు విరిగి లోపల ఉండిపోయినా చెప్పరు. నష్టపోయేది పేషెంటే.

స్టూడెంట్ వైపు నుంచి ఒక తేలికైన పద్ధతి ఉంది. సాయం అడిగేటప్పుడు మూడు ముక్కల్లో చెప్పడం. ఏం జరిగింది, నేనేం చేశాను, ఇప్పుడేం కావాలి. "సార్, పన్ను పైభాగం విరిగింది. నేను ఆపేశాను. మీరొకసారి చూడాలి." కంగారులో మాట తడబడకుండా ఇది కాపాడుతుంది.

ఇంకో మాట. పేషెంట్‌ను అర్థం చేసుకోవడం అంటే అన్నీ భరించడం కాదు. అమ్మాయిలతో కొందరు పేషెంట్స్ అసభ్యంగా మాట్లాడటం, కావాలని తాకడం వంటివి చేస్తే పని ఆపేసి వెంటనే ఫ్యాకల్టీకి చెప్పాలి. హద్దు గీయడం కూడా ఈ ప్రజ్ఞలో భాగమే.

నేర్చుకోవచ్చా? రోజూ చేయదగ్గ పనులు ఇవే

పుట్టుకతో వచ్చే గుణంగా దీన్ని చూడనక్కర్లేదు. చెయ్యి తిరగడానికి ప్రాక్టీస్ ఎలాగో దీనికీ అలాగే.

- పేషెంట్ కుర్చీలో కూర్చునే ముందు ఒక నిదానమైన ఊపిరి తీసుకుని "ఇప్పుడు నాకెలా ఉంది?" అని మనసులో ఒక్క మాటలో చెప్పుకోవాలి. భయం, విసుగు, ఆకలి.. ఏదైనా సరే.
- "నేను స్టూడెంట్‌ని, మా సార్ చూస్తూ ఉంటారు" అని పేరుతో పరిచయం చేసుకోవాలి. దాచితే వచ్చే నమ్మకం ఎక్కువసేపు నిలవదు.
- పరికరం నోట్లో ఉండగా ప్రశ్నలు అడగొద్దు. తీసి, అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగాలి.
- స్నేహితులు ఇద్దరు కలిసి ఒకరు పేషెంట్‌గా, ఒకరు డాక్టర్‌గా రిహార్సల్ చేయాలి. పేషెంట్ కుర్చీలో ఐదు నిమిషాలు లైట్ కింద పడుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.
- రోజు చివర్లో నాలుగు లైన్లు రాసుకోవాలి. ఈరోజు ఏది నన్ను కంగారు పెట్టింది? అప్పుడేం చేశాను? రేపు ఏం మారుస్తాను?

ఇవన్నీ చేసినా రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, క్లినిక్‌కు వెళ్లాలంటేనే వణుకు రావడం వంటివి రోజుల తరబడి ఉంటే సర్దుకుపోవాల్సిన పనిలేదు. ఇంట్లోవాళ్లకో, మెంటార్‌కో చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి తెలుగులో కూడా ఉచితంగా మాట్లాడొచ్చు.

మీరు పేషెంట్‌గా వెళ్తుంటే..

డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఖర్చు తక్కువ కాబట్టి రోజూ వేలమంది వెళ్తుంటారు. కుర్చీలో కూర్చునే ముందు ఎవరు చేస్తున్నారో, ఎవరు పర్యవేక్షిస్తున్నారో అడగొచ్చు. భయం ఉంటే ముందే చెప్పండి, సిగ్గుపడొద్దు. ఆపమనడానికి సైగ ఏంటో మాట్లాడుకోండి. అనుమానం వస్తే సీనియర్‌ను పిలవమనండి. బాగా చూసుకుంటే ఆ మాట ఫ్యాకల్టీ వినేలా చెప్పండి. లాగ్‌బుక్‌లో దానికి గడి లేకపోయినా, ఆ స్టూడెంట్ తర్వాతి పేషెంట్ దగ్గరికి కాస్త ధైర్యంగా వెళ్తాడు.